పండుగప్ప పులుసు తిని రాసిన రిపోర్టు

నేను రాసిన రాత మూలంగా ఒక మనిషి ఉన్న ఇల్లు ఖాళీ చేసి, పదో తరగతి చదివే కూతుర్ని హాస్టల్లో పడేయాల్సి వచ్చేది. ఇలా మొదలుపెడితే ఏదో పెద్ద విషాదం చెప్పబోతున్నానని భయపడకండి. ఇందులో ఎక్కువ భాగం భోజనాలే. అసలు తప్పంతా ఆ భోజనాల దగ్గరే జరిగింది.

అమలాపురంలో ఒక కంపెనీలో పరిపాలన చూస్తాను. మాకు పి.గన్నవరంలో కొబ్బరి పీచు తీసే యూనిట్ ఉంది. కాట్రేనికోనలో రొయ్యలు ఒలిచి, ఐసులో పెట్టి పంపించే షెడ్డు ఉంది. అమలాపురంలో ఆఫీసు. పీచూ, రొయ్యా నావి కావు. కరెంటు పని, స్టోర్లు, బళ్లు, క్యాంటీన్లు, కంప్యూటర్లు, మంచినీళ్ల క్యాన్లు నావి. ఇవన్నీ సరిగ్గా నడిచినంతకాలం నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఫ్యాను ఆగిందా, నా ఫోన్ నంబరు అందరికీ నోటికొచ్చేస్తుంది.

మొన్న కార్తీకంలో మా ఛైర్మన్‌గారు విశాఖపట్నంలో ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. ఆయన మంచి మనిషే గాని, ఏ ఊరు వెళ్లినా అక్కణ్నుంచి ఏదో ఒకటి పట్టుకొస్తారు. కిందటిసారి ఒళ్లు పిసికే కుర్చీ తెచ్చారు. అది ఆఫీసు గుమ్మం దగ్గర ఉంది, దాని మీద కొరియర్ కవర్లు పెట్టుకుంటున్నాం. ఈసారి హోటల్లో చేతులు తుడుచుకునే కాగితం తెచ్చారు. దాని మీద మధ్యలో ఒక పెద్ద గుండ్రం, చుట్టూ మూడు చిన్న గుండ్రాలు, వాటిలోంచి పెద్దదాంట్లోకి బాణాలు.

“చూసేరా అండీ మేడంగారూ? మనకి మూడు చోట్లా ముగ్గురు ఎలక్ట్రీషియన్లు, మూడు స్టోర్లు, మూడు చోట్లా బళ్లు. ఇవన్నీ ఎత్తి అమలాపురంలో ఒక్కచోట పెట్టేద్దాం. ఎవరికి అవసరమైతే వాళ్లు ఫోన్ చేస్తారు, ఇక్కణ్నించి మనిషి వెళ్తాడు. పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తున్నాయంటండీ.”

“ఆయ్, బాగానే ఉందండీ,” అన్నాను. “మరి కాట్రేనికోన షెడ్డు ఉంటుందాండీ, ఉండదాండీ?”

చిక్కంతా అక్కడే ఉంది. మా రొయ్యలు కొనే విదేశీ కంపెనీవాళ్లకి అక్కడ సుంకం పెరిగింది. మే నెల వచ్చాక గాని ఏ సంగతీ చెప్పలేమన్నారు. సుంకం తగ్గితే సరుకంతా మన దగ్గరే కొంటారట, అప్పుడు షెడ్డు రెండింతలు చేయాలి. తగ్గకపోతే తాళం వేయాలి. రెంటిలో ఏది జరుగుతుందో ఛైర్మన్‌గారికి తెలియదు, కొనేవాళ్లకి కూడా తెలియదు.

“అది పైవాడికే తెలియాలండీ,” అన్నారాయన.

“అయితే మే దాకా ఆగుదామాండీ?”

“ఆగితే మా తమ్ముళ్లు ఊరుకోరండీ. రోజులు బాగోలేవు, ఏదో ఒకటి చేయమంటున్నారు. పది రోజుల్లో ఎలా సర్దాలో రాసివ్వండి మేడంగారూ. మీరు రాసిందే ఖాయం.”

ఇంటికొచ్చి గిన్నెల మీద నా కోపం తీర్చుకున్నాను. ఉంటుందో ఊడుతుందో తెలియని షెడ్డుకి ఎవరెక్కడ కూర్చోవాలో పది రోజుల్లో నేను తేల్చాలట. మా ఆయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. ఆయన పేపరు మడత పెట్టి, “మేనేజరుగారూ, గిన్నె సొట్టపడితే అది ఏ శాఖ కిందకొస్తుందండీ?” అని అడిగారు. ఆ పూట ఆయనకి పెరుగు వేయలేదు.

కోపం చల్లారాక ఒక పద్ధతి ఆలోచించాను. కాగితాల మీద లెక్కలు చూసి మనుషుల్ని ఎత్తి కుదేయడం నాకు ఇష్టంలేదు. ప్రతిచోటుకీ వెళ్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటాను. ఎవరు ఎంత పని చేస్తున్నారో కళ్లతో చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. చాలా న్యాయమైన పద్ధతి అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్క చిన్న పొరపాటు చేశాను. వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పాను.

చెప్పకుండా ఎలా వెళ్తామండీ? మా వైపు ఎవరింటికైనా చెప్పాపెట్టకుండా వెళ్తే వాళ్లకి తలవంపులు. ఇంట్లో ఏమీ లేకుండా మనిషి గుమ్మంలోకి వచ్చేసిందే అని వాళ్లు ఆరునెలలు బాధపడతారు. మా అమ్మ పక్క వీధికి వెళ్లాలన్నా ముందు కబురు పెట్టేది. నేను ఆ అమ్మ కూతుర్ని. కంపెనీ యూనిట్లు ఇళ్లు కావన్న సంగతి నాకు తట్టలేదు.

మొదట పి.గన్నవరం వెళ్లాను. అక్కడి స్టోర్‌కీపర్ నలభై దాటిన మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటాడు. బేరింగుల డబ్బాలన్నీ తుడిచి, పసుపు రాయడం ఒక్కటే తక్కువగా వరస పెట్టాడు. నేను కూర్చోగానే కాఫీ వచ్చింది. కాఫీ తర్వాత గారెలు వచ్చాయి. గారెల తర్వాత నన్ను కారెక్కించి, గోదావరి పాయ మీదుగా కాలవ నీళ్లు దాటించే అక్విడెక్టు చూపించడానికి తీసుకెళ్లారు. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న అక్విడెక్టు అది. అయినా కాదనలేక, “అబ్బో, ఎంత పెద్దదో” అన్నాను. మధ్యాహ్నం వాళ్లావిడ ఇంటినుంచి కంద బచ్చలి, ముద్దపప్పు, మజ్జిగ పులుసు పంపించింది. సాయంత్రం దాకా స్టోరులోంచి ఒక్క నట్టు కూడా బయటికి పోలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను.

తర్వాత కాట్రేనికోన. అక్కడి ఎలక్ట్రీషియన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెయిన్ రోడ్డు సెంటర్లోనే బండి మీద కాచుకుని ఉన్నాడు. మా కారుకి ముందు ఆయన బండి, మంత్రిగారికి దారి చూపిస్తున్నట్టు. షెడ్డు వరండాలో కుర్చీ వేసి, దాని మీద కొత్త తువ్వాలు పరిచారు. ప్యాకింగు హాల్లో ఉండాల్సిన నిలువు ఫ్యాను నా పక్కకొచ్చింది. కొబ్బరిబొండాలు ఆయనే కొట్టాడు. ఒకటి తాగి కింద పెట్టేలోగా రెండోది చేతిలో పెట్టాడు.

క్యాంటీన్ చూసే ఆవిడని అందరూ పిన్నిగారంటారు. అరవయ్యేళ్లుంటాయి, గొంతు మాత్రం షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి వినిపిస్తుంది. “తెల్లారకుండానే మన ఎలక్ట్రీషియన్‌గారు పడవల దగ్గరికెళ్లి పండుగప్ప తెచ్చేరండి మీకోసం,” అని చెప్పింది. మామిడికాయ వేసి పులుసు పెట్టింది. దాంతోపాటు పీతల ఇగురు, రొయ్యల వేపుడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, అంత మంచి పులుసు నేను మళ్లీ తినలేదు. షెడ్డులో నలుగురు ఆడవాళ్లు మాత్రం కూర్చుని మెల్లగా రొయ్యలు ఒలుస్తున్నారు. ఐసు మిషను ఆగి ఉంది.

తిన్నాక ఆ ఎలక్ట్రీషియన్ నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. ఇల్లంటే ఐస్ ప్లాంటు వెనక కంపెనీ ఇచ్చిన రెండు గదులు. భార్య కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటోంది, నాలుగేళ్లయింది. ఇక్కడ ఆయనా, కూతురూ. ఆ పిల్ల పదో తరగతి. బడినుంచి వచ్చి ఐస్ ప్లాంటు వరండాలో కూర్చుని చదువుకుంటుంది. తండ్రి లోపల పని చేసుకుంటూ ఉంటాడు.

“ఇంత మోతలో ఎలా చదువుతుందండీ?” అని అడిగాను.

“మోత లేకపోతేనే చదవదండి. మిషను ఆగిందంటే పుస్తకం మూసేసి, ఏమైంది నాన్నా అని లోపలికొచ్చేస్తదండి,” అన్నాడు.

రోజూ నాలుగున్నరకి కువైట్ నుంచి వీడియో కాల్ వస్తుందని కూడా చెప్పాడు. నాకు ముచ్చటేసింది. ముచ్చటపడుతూనే కారెక్కి, ముచ్చటపడుతూనే నోటుబుక్కులో ఇలా రాశాను: ఎలక్ట్రీషియన్‌కు రోజంతా చెప్పుకోదగ్గ పని కనిపించలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి మెనూ అంతా వర్ణించి చెప్పాను. ఆయన అంతా విని, “నువ్వు వెళ్లింది తనిఖీకా, పెళ్లికా?” అన్నారు. నీకు దక్కలేదని ఏడుపు అన్నాను.

రిపోర్టు రాశాను. ముగ్గురు ఎలక్ట్రీషియన్లూ అమలాపురంలో ఉండాలి. ఎక్కడ అవసరమైతే అక్కడికి, రాత్రి డ్యూటీలతో సహా, వంతులవారీగా వెళ్లాలి. కాట్రేనికోన ఐస్ ప్లాంటు వెనక ఉన్న రెండు గదులూ ఖాళీ అవుతాయి గనక వాటిని సామాన్ల గదిగా వాడుకోవచ్చు. ఈ చివరి వాక్యం రాసినప్పుడు నాకు నా తెలివితేటల మీద ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. రెండు గదులు కలిసొచ్చాయి కదా అనుకున్నాను. ఆ గదుల్లో ఒక ఆడపిల్ల పుస్తకాల అర చూసి వచ్చినదాన్నే అలా రాశాను.

ఛైర్మన్‌గారు తెగ సంతోషించారు. “సోమవారం ఆర్డరు వేసేద్దామండీ. ఈలోగా ఆ కాట్రేనికోన ఆయనకి బదిలీ కాగితం ఇచ్చి సంతకం తీసుకోండి,” అన్నారు.

ఇల్లు ఖాళీ చేయమని ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. పోనీ, వస్తున్నానని చెబుదామా అంటే, మళ్లీ తెల్లారగట్ల లేచి చేపలకి పరిగెడతాడు. బదిలీ కాగితం ఇచ్చేచోట పులుసు తినడం ఎలాగ? అందుకని శనివారం పొద్దున్న ఎవరికీ చెప్పకుండా, ఆఫీసు కారు కూడా వద్దనుకుని బస్సెక్కాను. పుట్టి బుద్ధెరిగాక చెప్పాపెట్టకుండా ఒక గుమ్మం తొక్కడం అదే మొదటిసారి.

షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్ లేడు. లోపల రొయ్యల ట్రేలు మోస్తున్నాడు. చెరువుల నుంచి వచ్చిన బళ్లు బారుగా నిలబడి ఉన్నాయి. ఆ రోజు నలుగురు కనిపించినచోట ఇవాళ యాభై మంది ఆడవాళ్లు, చేతులు కనిపించడంలేదు, అంత వేగంగా ఒలుస్తున్నారు. ఐసు మిషను మోతకి నేల అదురుతోంది. నేను వచ్చానని ఎవరూ చూడలేదు. చూసినవాళ్లు తప్పుకోమన్నారు. ఒకావిడ ఐసు గంప నెత్తిన పెట్టుకుని, “అడ్డం లేవండమ్మా” అని నన్ను గోడకి నెట్టేసి పోయింది.

కుర్చీ లేదు, తువ్వాలూ లేదు. బోర్లించిన ట్రే ఒకటి కనిపిస్తే దాని మీద కూర్చున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండిపోయింది. పది రోజుల కిందట బొండాం మీద బొండాం కొట్టిన మనుషులు ఇవాళ గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చే దిక్కులేకుండా చేశారు. బదిలీ సంగతి తెలిసిపోయి కావాలనే ఇలా చేస్తున్నారని కూడా అనుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. మోత ఒక్కసారిగా ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ ఎటునుంచి వచ్చాడో గాని, మోకాళ్ల పైకి లుంగీ ఎగ్గట్టి, చేతులనిండా గ్రీజుతో నా ముందునుంచే పరిగెత్తాడు. నన్ను చూశాడు. చూసి, ఆగకుండా, “వచ్చేరా అండీ, కూర్చోండి” అని జనరేటర్ గదిలోకి దూరిపోయాడు. రెండు నిమిషాల్లో మోత మళ్లీ మొదలైంది. మిషను ఆగినప్పుడు ఎవరూ చేతులు ఆపలేదు, తలెత్తలేదు. మోత వస్తుందని వాళ్లకి తెలుసు. మధ్యాహ్నం లోపల అలా మూడుసార్లు పోయింది. మూడుసార్లూ ఆయన పరిగెత్తాడు. మధ్యలో ఒక మోటారు బెల్టు తెగింది, కంప్రెసర్ ఏదో కొత్తగా మూలిగిందని దాన్ని విప్పాడు. నా నోటుబుక్కు సంచిలోనే ఉంది. తీయడానికి సిగ్గేసింది.

రిపోర్టులో నేను రాసినట్టు చేస్తే ఏమయ్యేదో లెక్క వేసుకున్నాను. కరెంటు పోతుంది. షెడ్డువాళ్లు అమలాపురం ఫోన్ చేస్తారు. అమలాపురంలో ఆయన లేడు, పి.గన్నవరం వెళ్లాడంటాం. అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చేసరికి యాభైమంది ఒలిచిన రొయ్యలన్నీ కంపు కొడతాయి. ఇది తెలుసుకోవడానికి సదస్సులు అక్కర్లేదు, ఒక పూట ట్రే మీద కూర్చుంటే చాలు.

రెండు గంటలకి పిన్నిగారు అన్నం డేగిసా దింపి, ఒక పళ్లెంలో అన్నం, చారు, ఎండుచేపల వేపుడు పెట్టి నా చేతికిచ్చింది. అందరూ తినేదే.

“మేడంగారూ, ఏమీ అనుకోకండి. ఇవాళ మీ దగ్గర కూర్చోడానికి లేదండి. చెప్పి వస్తే బాగుండేదండి.”

“చెప్పి వచ్చిన రోజు ఇదంతా ఎక్కడికి పోయింది పిన్నిగారూ? మనుషులేరి, సరుకేది? ఆ రోజు మిషను కూడా తిరగలేదే?”

ఆవిడ నన్ను వింతగా చూసింది. “ఎలా తిప్పుతామండీ? మీరొస్తున్నారని ఫోన్ వచ్చింది కదండీ. ఆ రోజు సరుకు దింపొద్దని చెరువులవాళ్లకి ముందే చెప్పేసేరు మన ఎలక్ట్రీషియన్‌గారు. ఐసంతా ముందురోజు రాత్రే తీసేసేం. మేడంగారు మొదటిసారి వస్తుంటే ఈ నీళ్లలోనా, ఈ వాసనలోనా కూర్చోబెట్టేదండీ? మర్నాడు రెండ్రోజుల పని ఒక్కరోజు చేసి, చేతులు పడిపోయేయనుకోండి.”

నేను ఆ రోజు కొలిచింది పని కాదు, మర్యాద. ఆయన నాకోసం పనులన్నీ ఆపుకుంటే, ఆయనకి పనే లేదని రాశాను. ఎంత గొప్పగా మర్యాద చేస్తే అంత దారుణంగా రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నాలుగు దాటాక కూతురు వచ్చింది. నాకు నమస్కారం పెట్టి, వరండాలో గోడకి ఆనుకుని లెక్కల పుస్తకం తీసింది. నాలుగున్నరకి ఫోన్ మోగింది. ఆ పిల్ల దాన్ని ఐసు పెట్టెకి ఆనించి నిలబెట్టింది. తెరలో కువైట్ నుంచి వాళ్లమ్మ. తండ్రి తల తిప్పకుండా, మోటారులో చేతులు పెట్టి, బెల్టు తెగిన సంగతి భార్యకి చెబుతున్నాడు. కూతురు లెక్క చేసుకుంటోంది. ముగ్గురూ అలా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో సముద్రం ఉన్నట్టే లేదు. ఉన్నట్టుండి తెరలో ఆవిడ కళ్లు చికిలించింది.

“ఆ వెనకాల ట్రే మీద కూర్చున్నదెవరండీ?”

“అమలాపురం మేడంగారు.”

“మేడంగారా? ట్రే మీదా? ఎప్పుడొచ్చేరు?”

“పొద్దున్న.”

“పొద్దున్నొస్తే ఇప్పటిదాకా కనీసం బొండామైనా కొట్టేరా అండీ? ఏం మనుషులండీ మీరు! నేను లేకపోతే ఇల్లు ఇలాగే చేస్తారు!”

అంతే. ఎలక్ట్రీషియన్ మోటారు వదిలేశాడు, వాచ్‌మన్ కత్తికోసం పరిగెత్తాడు, పిన్నిగారు కుర్చీ అని కేకేసింది. కువైట్ నుంచి పడ్డ చివాట్లకి సగం షెడ్డు కదిలింది. నేను లేచి నిలబడి, “ఎవరూ కదలొద్దు! మీ పని మీరు చేసుకోండి! నాకు మర్యాద చేశారంటే ఊరుకోను!” అని గట్టిగా అరిచాను. యాభైమంది ఆడవాళ్లూ తలెత్తి చూశారు. మిషను ఆగినా ఎత్తని తలలు అప్పుడెత్తారు.

నేను అరిచిన అరుపుకి కూతురు భయపడిందేమో, లేచి ఇంట్లోంచి నీళ్లు తెస్తానని వెళ్లింది. నేనూ వెనకే వెళ్లాను. ముందు గదిలో నేల మీద కొత్త రేకుపెట్టె ఉంది. ఆకుపచ్చ రంగు, ఇంకా వాసన పోలేదు. మూత మీద తెల్లరంగుతో ఆ పిల్ల పేరు, కింద పదో తరగతి అని రాసి ఉంది. పుస్తకాల అర ఖాళీగా ఉంది. గోడకున్న క్యాలెండరు కూడా తీసేసి చుట్టిపెట్టారు.

“ఇదేంటమ్మా?” అన్నాను.

“హాస్టల్‌కండీ. అమలాపురంలో నాన్నకి రాత్రి డ్యూటీలంటండీ, బడి పక్కనే హాస్టల్లో సీటుందన్నారండీ. సోమవారం రమ్మన్నారు,” అంది. ఆ పిల్ల ఏడవలేదు. మంచి మార్కులొచ్చినా రాకపోయినా అలాగే చెబుతుందనిపించింది.

తండ్రి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. కాగితం నా సంచిలోనే ఉంది, నేను తీయలేదు.

“మీకెవరు చెప్పారండీ?” అన్నాను.

“మీ ఆఫీసు కారు డ్రైవర్‌గారు చెప్పేరండి. మీరొచ్చి ఈ మాట చెప్పాలంటే మీకు ఇబ్బంది కదండీ. అందుకని మీరొచ్చేసరికే అంతా సర్దేసి ఉంచుదామని... రెండు గదులూ రేపటికి కడిగించేస్తానండి.”

పండుగప్ప తెచ్చిన మనిషే ఇది కూడా చేశాడు. నాకు ఇబ్బంది కలగకూడదని తన ఇల్లు తనే ఖాళీ చేసుకుంటున్నాడు. నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి, కోపం మాత్రం బయటికి వచ్చింది. “ఇబ్బంది పెట్టండి నన్ను! కాస్త ఇబ్బంది పెడితే నేను చచ్చిపోనండీ! ఈ పెట్టెలో ఏమీ పెట్టకండి, సోమవారం నేను ఫోన్ చేసేదాకా!” అన్నాను. ఆయన “ఆయ్” అన్నాడు. కూతురు మంచినీళ్ల గ్లాసు నా చేతిలో పెట్టింది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పారో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. సోమవారం పొద్దున్నే, ఈసారీ చెప్పకుండా, పి.గన్నవరం వెళ్లాను. అక్కడా నా రాత తప్పయి ఉంటే రెండు చోట్లా ఒకేసారి చెంపలు వేసుకుందామనుకున్నాను. స్టోర్‌కీపర్ గోనెసంచుల మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. గంటసేపు కూర్చున్నాను. ఒక్క నట్టు కదల్లేదు. లేపి, అమలాపురం వస్తావా అని అడిగితే కళ్లు నులుముకుంటూ, “ఆయ్, మా అత్తవారి ఊరేనండీ, రేపే వచ్చేస్తానండీ” అన్నాడు. నా రిపోర్టు సగం నిజమే అయినందుకు కొంచెం ప్రాణం లేచొచ్చింది.

అక్కణ్నుంచి సరాసరి ఛైర్మన్‌గారి గదికి వెళ్లాను. ఆయన బల్ల మీద నా రిపోర్టు ఉంది, దాని పక్కన ఆ చేతులు తుడుచుకునే కాగితం, లామినేషన్ చేయించి మరీ.

“ఈ రిపోర్టు తప్పండీ. దీని మీద ఆర్డరు వేయొద్దు,” అన్నాను.

“మీరు రాసిందేకదండీ?”

“ఆయ్. పులుసు తిని రాశానండీ.”

అంతా చెప్పాను. అక్విడెక్టు దగ్గర్నుంచి ట్రే దాకా. ఆయన మొదట నవ్వారు, తర్వాత పెట్టె సంగతి వచ్చేసరికి నవ్వు ఆపారు.

“అయితే ఏం చేద్దామంటారండీ? మే నెలకి షెడ్డే ఉండదేమో. అప్పుడు ఆయన్ని ఎలాగూ కదపాలికదా?”

“అప్పుడు కదుపుదామండీ. రేపు ఏమవుతుందో తెలియనప్పుడు, మళ్లీ వెనక్కి తిప్పుకోగలిగినవే మారుద్దాం. బళ్లు ఒక్కచోట పెడదాం. కుదరకపోతే మర్నాడే వెనక్కి పంపేయొచ్చు. పి.గన్నవరం స్టోరు తెచ్చి ఆఫీసు స్టోరులో కలిపేద్దాం, ఆయన అత్తవారిల్లు ఇక్కడే. కంప్యూటర్లు ఇక్కణ్నుంచి చూసుకోవచ్చు. కాట్రేనికోన ఎలక్ట్రీషియన్‌ని మాత్రం ముట్టుకోవద్దండీ. ఆ ఇల్లు ఒకసారి ఖాళీ చేయించాక, ఆ పిల్ల పరీక్షలు పోయాక, పొరపాటైందండీ రండి అంటే ఏం ప్రయోజనం?”

ఆయన లామినేషన్ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. “మరి మధ్యలో ఉన్న ఈ గుండ్రంలో ఎవరుంటారండీ?” అన్నారు పాపం, చాలా దిగులుగా.

“ఎవరూ లేకపోతే నష్టమేమిటండీ?”

“మా తమ్ముళ్లు అడుగుతారండీ, ఏం మార్చేవు అని.”

“మేడంగారి కుర్చీ తీసేశానని చెప్పండి. వారానికి మూడు రోజులు నేను యూనిట్లలో తిరుగుతాను, ఎవరికీ ఫోన్ చేయకుండా.”

ఏసీ గది వదులుకుంటున్నానని ఆ క్షణంలో తట్టలేదు. తట్టి ఉంటే రెండు రోజులనేదాన్ని. ఛైర్మన్‌గారు చాలాసేపు ఆలోచించి, “మే దాకా,” అన్నారు. “మే దాకా ఆయన్ని కదపం. ఆ తర్వాత సంగతి నేను మాటివ్వలేనండీ, నన్నడగొద్దు.” ఇంకా అడిగాను. ఆ పైన ఒక్కరోజు కూడా పెంచలేదు.

గదిలోకొచ్చి ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. శనివారం అంత వీరంగం వేసి, చేతికొచ్చింది ఇంతేనా అనిపించింది. మే దాకా అనడం కూడా ఒక మాటేనా? ఆరు నెలలు గడిచాక మళ్లీ పెట్టె దించుకోమని చెప్పినట్టేకదా? అయినా చెప్పక తప్పదు కదా, ఫోన్ చేశాను. అవతల మిషను మోతలో ఆయన గొంతు పీలగా వినిపించింది.

“మిమ్మల్ని బదిలీ చేయడంలేదండీ. ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు,” అన్నాను. “కాకపోతే మే దాకానే. ఆ తర్వాత షెడ్డు ఉంటుందో ఉండదో నాకూ తెలియదు, ఛైర్మన్‌గారికీ తెలియదు. ఇంతకంటే తేలేకపోయాను, ఏమీ అనుకోకండి.”

ఆయన కోపంతో నాలుగు మాటలంటే బాగుండు అనుకున్నాను.

“మే దాకానా అండీ?” అన్నాడు. “ఇప్పుడు నవంబరే కదండీ. పాప పరీక్షలు మార్చిలో అయిపోతాయండి. మేడంగారూ, ఆర్నెల్ల ముందు సంగతి మాకెప్పుడూ ఎవరూ చెప్పలేదండి. మా ఆవిడ కువైట్ వెళ్లాలన్న సంగతే నాలుగు రోజుల ముందు తెలిసిందండి.”

రేపేమవుతుందో తెలియదని పది రోజులపాటు గిన్నెలు పగలగొట్టినదాన్ని నేను.

ఆయన ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. మోతలోంచి ఆయన పరిగెడుతున్న చప్పుడు, “పిన్నిగారూ! మే దాకా అంటండీ! మే దాకా!” అన్న కేక నాకు వినిపించాయి. ఆ మాటని ఎవరైనా అంత సంబరంగా అరవగలరని నాకు అంతవరకూ తెలియదు. నాకు ఏడుపొచ్చేసింది.